నలుగురి అక్షరాలు

జూలై 9, 2002. అమలాపురం

ఆడపిల్ల. నిన్న సాయంత్రం ఆపరేషన్ చేసి తీశారు. ఏడో నెల. కిలో నూట యాభై గ్రాములు. మా అమ్మాయి ప్రశాంతికి బీపీ దిగింది, తల్లికి గండం గడిచిందన్నారు. పిల్లని రోడ్డుకి అవతల ఉన్న పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళి గాజుపెట్టెలో పెట్టారు.

స్తోత్రం. స్తోత్రం. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

జూలై 11

ఇవాళ నన్ను లోపలికి రానిచ్చారు. చెప్పులు విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, చీరమీద ఆకుపచ్చ గౌను వేసుకుని వెళ్ళాలి.

యాభై ఏళ్ళొచ్చాయి. ఎందరి పిల్లల్నో నీళ్ళు పోసి పెంచాను. ఇలాంటిది చూడలేదు. నా వేలి ఉంగరం తీసి ఇస్తే ఆ పిల్ల చేతికి కడియమవుతుంది. చర్మం ఇంకా తయారు కాలేదు. లోపలి నరాలు నీలంగా తెలుస్తున్నాయి. ఎముకల చాటున గుండె కొట్టుకోవడం కళ్ళతో చూశాను. కనురెప్పలకి వెంట్రుకలు లేవు. గోళ్ళు మాత్రం వచ్చేశాయి, బియ్యపు నూకలంతంత. దేవుడు పనిలో ఉండగా చెప్పాపెట్టకుండా తలుపు తీసి చూసినట్టయింది. తల వంచుకున్నాను.

కాలికి చుట్టిన ప్లాస్టరు మీద ‘బేబీ ఆఫ్ ప్రశాంతి’ అని రాసి ఉంది.

జూలై 14, ఆదివారం

ఉప్పలగుప్తం నుంచి వియ్యపురాలు అచ్చమ్మ గారు వచ్చారు. అల్లుడు జాయ్ బస్టాండు నుంచి తీసుకొచ్చాడు. ఆవిడ ప్రశాంతి తల నిమిరి, నన్ను వరండాలోకి పిలిచారు.

"వదినగారూ, మా వారుంటే ఈపాటికి పేరు కట్టేద్దురండి. కాకినాడలో ఉన్న పెద్దోడి కూతురికి క్రిస్టల్ అని కట్టింది ఆయనే కదా. అటు తాతా నాయనమ్మా, ఇటు తాతా అమ్మమ్మా, నలుగురి మొదటి అక్షరాలూ పడాలి. ఇంగ్లీషు మాట అవ్వాలి, మంచి అర్థం ఉండాలి. నెలల తరబడి కూచుని కట్టేవోరు. నాకా, ఇంగ్లీషులో అక్షరం ముక్క రాదు. మీరు టెన్త్ చదివేరు. ఆ పని మీరే చెయ్యాలండి."

"ఇప్పుడేనాండీ?" అన్నాను.

"ఇప్పుడే. కాలికి తగిలించిన ఆ ముక్క నాకేం నచ్చలేదు. ఊరూ పేరూ లేనట్టు."

ఆవిడ భర్త సత్యం గారు పోయి ఏడాది దాటింది. ఆయన అక్షరం ఎస్. ఆవిడది ఎ. మా ఆయన జ్ఞానప్రకాశం, ఇంగ్లీషులో జి తో రాస్తారు. నాగమణి అంటే ఎన్. ఆయ్ అన్నాను. నేను కాదనగలిగేది ఏముంటుంది.

రాత్రి ప్రశాంతితో ఆ మాట ఎత్తాను. కడుపులో ఉండగానే శామ్యూలు అన్నది మొదటివాణ్ణి. హన్నా అన్నది రెండోదాన్ని. ఇద్దరూ ఏడో నెలలోనే పోయారు.

"పేరు మాట నా దగ్గర ఎత్తకమ్మా," అంది గోడవైపు తిరిగి. "పేరు పెట్టినోళ్ళే పోయేరు."

పాలు పిండి ఇస్తోంది. సిస్టర్ ఇచ్చిన చిన్న సీసాలో, వేళ తప్పకుండా. నేను పమిట కప్పి రోడ్డు దాటించి ఇచ్చి వస్తున్నాను. పిల్లని చూడడానికి మాత్రం ఒక్కసారీ రాలేదు. కుట్లు నొప్పి అంటోంది. వరండా చివరిదాకా నడుస్తూనే ఉంది.

జూలై 16

మాటలు వెతుకుతున్నాను. ఊరికే ఒక పని, చేతిలో ఏదో ఉండాలి కదా. మేం శకునాలు చూసేవాళ్ళం కాము.

సిగ్నల్. సిగ్నేచర్. స్ట్రేంజర్.

జూలై 17

ఆయన స్కూలు అయ్యాక మలికిపురం నుంచి బస్సులో వచ్చారు. నిఘంటువు తెమ్మన్నాను, తెచ్చారు. అట్ట ఊడిపోయింది, పిల్లలు నలిపిన పుస్తకం. హెడ్మాస్టరు గారి పెళ్ళాం యాభయ్యో ఏట డిక్షనరీ పట్టింది అని నవ్వారు. గాజుపెట్టెల గది బయట బెంచీ మీద కూర్చున్నాం.

"ఒక కిటుకు దొరికిందండి," అన్నాను. "చివర ‘ఇంగ్’ తగిలిస్తే ఎన్, జి రెండూ వచ్చేస్తున్నాయి. ఇంక ముందు ఎస్, ఎ ఉన్న మాట చూసుకోడమే. ఆస్కింగ్. ఫాస్టింగ్. వాషింగ్."

"అంటే నువ్వూ నేనూ ఎప్పుడూ తోకలోనే అన్నమాట."

"వేళాకోళం కాదండి."

"వేళాకోళమా! రేపు స్కూల్లో హాజరు పిలవాల్సింది ఎవరు? ‘వాషింగ్!’ ‘ప్రెజెంట్ సార్!’ పక్కపిల్ల పేరు ఐరనింగ్."

నవ్వు వచ్చేసింది. చాలా రోజులకి. నవ్వి, గది తలుపువైపు చూసి భయపడ్డాను.

"పోనీ పాసింజర్ చూడు," అన్నారు. "నాలుగూ పడ్డాయి. బస్సులో వస్తుంటే తోచింది."

"వద్దండి. దిగిపోయేవాళ్ళని అంటారు దాన్ని."

ఆయన నా చేతిలోంచి నిఘంటువు తీసుకుని కాసేపు పేజీలు సరిచేశారు.

జూలై 18

ఏంజెల్ అందరూ పెట్టుకునే పేరే. మా పేటలోనే ముగ్గురున్నారు. అందులో ఎస్ లేదు. ఏంజెల్స్ అంటే నాలుగూ పడతాయి. కానీ అది ఒక్కరిని పిలిచే మాట కాదు. ఇద్దరో ముగ్గురో ఉంటే

జూలై 20

ఇవాళ నాకు ఒళ్ళు జలదరించింది. గాజుపెట్టెల గదిలో ఉండే భవాని సిస్టర్ పురిటిరోజు కాగితాలు సర్దుతూ, "మీ అమ్మాయి బతికింది ఈ ఇంజెక్షన్ తోనేనండి. లేపోతే ఫిట్సు వచ్చేసేవి," అని మందు పేరు చదివింది. మెగ్నీషియం.

బెంచీ మీద కూర్చుని వేలితో ఒళ్ళో రాసుకున్నాను. ఎ ఉంది. జి ఉంది. ఎన్ ఉంది. ఎస్ ఉంది.

నలుగురమూ ఉన్నాం. ఆ రోజు నేను వరండాలో మోకాళ్ళ మీద ఉన్నాను. ఆయన రక్తం కోసం రాజోలు వెళ్ళారు. అచ్చమ్మ గారు ఉప్పలగుప్తంలో ఉన్నారు. సత్యం గారు మట్టిలో ఉన్నారు. మేం ఎవరం ఎక్కడున్నా, లోపల, ఆ సూదిలో, నలుగురం కలిసి వెళ్ళి ప్రశాంతిని పట్టుకున్నట్టు! ఆ మాట కట్టినవాళ్ళు మమ్మల్ని ఎరుగుదురా? మా నాన్న పుట్టకముందే ఏ దేశంలోనో ఎవరో ఆ అక్షరాలు పక్కపక్కన పేర్చారు. ఒక మాటలో ఇంత చోటు ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

అచ్చమ్మ గారికి ఫోను చేయించి చెప్పాను. "మందు పేరు పిల్లకెలా పెడతామండీ! రేపు దగ్గు వస్తే మందుని ఏమని పిలుస్తాం?" అన్నారు. నిజమే.

ఆయనతో చెబితే వేరేగా చూశారు. "నాగమణీ, మాట దొరికితే పిల్ల ఉంటుందని పెట్టుకున్నావా?"

అలా ఏం లేదన్నాను. అలా ఏం లేదు.

జూలై 21, ఆదివారం

సేవింగ్. బాగుంది. రక్షించడం. కానీ ఆయన వెంటనే బ్యాంకు పుస్తకం అంటారు.

థాంక్స్‌గివింగ్. ఇది చాలా బాగుంది. నాలుగూ ఉన్నాయి, ఎన్ రెండుసార్లు, జి రెండుసార్లు. కానీ పిల్ల బరువు చూస్తే ఇంత మాట మొయ్యగలదా అనిపించింది. ఇవాళ కిలో తొంభై. తగ్గింది. మొదట తగ్గడం మామూలే అన్నారు.

ఆదివారం లోపల దొరికితే బాగుండునని ఎందుకనుకున్నానో. ఇవాళే ఆదివారం.

ప్రేయిజింగ్. ఆయన దీనికీ హాజరు పిలుస్తారు.

జూలై 23

ఇది రాయాలి. రాస్తే గాని నిద్ర పట్టదు.

పొద్దున్న జి అక్షరం కింద చూస్తున్నాను. గ్యాస్పింగ్ అని ఉంది. అర్థం చూడకముందే నాలుగూ పడ్డాయని సంబరపడి అన్నిటికన్నా పైన రాసుకున్నాను. తర్వాత అర్థం చూశాను. ఊపిరి అందక ఎగపీల్చడం.

పదకొండింటికి లోపల ఉన్నాను. పెట్టెకి ఉన్న యంత్రం కూతపెట్టింది. పిల్ల పొట్ట కదలడం లేదు. పెదవులు నేరేడుపండు రంగులోకి వచ్చేశాయి. భవాని సిస్టర్ పరుగున వచ్చి, పెట్టె కిటికీలోంచి చెయ్యి పెట్టి, అరికాలి మీద వేలితో టక్కున కొట్టింది. క్యారమ్స్ ఆడినట్టు. ఇంకోసారి. అంతే, పిల్ల ఉలిక్కిపడి ఊపిరి తీసింది.

"నెలలు నిండని పిల్లలు ఇంతేనండి. ఊపిరి తియ్యడం మర్చిపోతారు. మనం గుర్తు చెయ్యాలి," అంది సిస్టర్. ఎంత మామూలుగా అందో. పప్పులో ఉప్పు మర్చిపోయినట్టు.

మర్చిపోతారట. నేను పుట్టినప్పటినుంచి ఒక్కసారైనా నా అంతట నేను గుర్తు పెట్టుకుని ఊపిరి తీశానా? ఎవరు తీయిస్తున్నారు నా చేత?

బయటికి వచ్చి ఆ మాట కొట్టేశాను. కాగితం చిరిగేదాకా కొట్టేశాను. ప్రేయిజింగ్ ఉన్న అక్షరాల్లోనే ఇదీ ఉంది. అవే నాలుగు. అవే మేము.

జూలై 24

వెతకను. వెతకడం పాపం.

జూలై 25

శాప్లింగ్. మొక్క, లేత మొక్క. మా కొబ్బరితోటలో మొలకలు వేసే చోటు గుర్తొచ్చింది. మొదలంటా నీళ్ళు పోస్తే ఒక్కొక్క ఆకు విప్పుకుంటుంది.

ఆయనకి చెప్పలేదు. దీన్ని ఎవరికీ చెప్పను. బరువు కిలో నూట పది.

జూలై 28, ఆదివారం

ఇవాళ జరిగింది నేను మాటల్లో పెట్టలేను. ప్రయత్నిస్తాను.

మధ్యాహ్నం వాన. గోదావరికి ఎర్రనీరు తగిలిందని, ఏటిగట్టు మీద కాపలా పెట్టారని అందరూ అనుకుంటున్నారు. కరెంటు పోయింది. జనరేటరు అబ్బాయి తాడు లాగుతున్నాడు, లాగుతున్నాడు, అది అందుకోవడం లేదు. గాజుపెట్టెల్లో వేడి దిగిపోతోంది. డాక్టరు గారే ఛార్జింగ్ లైటు పట్టుకుని వచ్చి, "ఎవరి పిల్లని వాళ్ళ ఒంటికి కట్టండి!" అని కేకేశారు.

పక్కపెట్టె పిల్లాడి తల్లి అప్పటికే కూర్చుంది.

"ప్రశాంతి ఏదండీ?" అంది భవాని సిస్టర్.

"రాదమ్మా."

"అయితే మీరే. రవిక హుక్కులు తియ్యండి. సిగ్గుపడకండి అమ్మగారూ, సిగ్గుకి టైము లేదు."

చర్చిలో పమిట జారితే ఉలిక్కిపడేదాన్ని నేను. డాక్టరు గారి ముందు, ఎవరో అబ్బాయి ముందు, గబగబా తీశాను. పిల్లని తెచ్చి నా గుండెల మీద బోర్లా పెట్టి, పైన నా చీరే రెండు మడతలు వేసి కట్టింది.

తడిసిన పిచ్చుకంత. ముందు చల్లగా తగిలింది. తర్వాత ఏమీ తగల్లేదు, నాదేదో దానిదేదో తెలియలేదు. కాసేపటికి దాని గుండె తెలిసింది. నాది ఒకటి కొట్టేలోపల అది రెండు కొడుతోంది. దాని వేళ్ళు నా మెడకింద విప్పుకుని, నన్ను పట్టుకున్నాయి. నేను పట్టుకోవడం కాదు. అదే పట్టుకుంది. ఎంత బలం! ఊపిరి ఆగుతుందేమోనని నేను వేలు అరికాలికి ఆనించి కూర్చున్నాను. ఒక్కసారీ కొట్టాల్సిన పని పడలేదు. నా పొట్ట లేస్తే అదీ లేస్తోంది, నాది దిగితే దిగుతోంది. నన్ను చూసి నేర్చుకుంటోంది.

ఇన్నాళ్ళూ ఏ పనిలో ఉన్నా ఒక మాట నాలుక మీద తిరుగుతూనే ఉండేది. అప్పుడు ఒక్కటీ లేదు. తెలుగూ లేదు, ఇంగ్లీషూ లేదు. ప్రార్థన కూడా చెయ్యలేదు. చెయ్యలేదన్న సంగతి ఇప్పుడు రాస్తుంటే తెలిసింది.

కరెంటు వచ్చింది. జనరేటరు కూడా అప్పుడే అందుకుంది. అందరూ నవ్వారు. సిస్టర్ చేతులు చాపితే, "ఇంకొక్క నిమిషం తల్లీ," అన్నాను. నాకు తెలిసి ఆ ఆసుపత్రిలో నేను ఎవర్నైనా ఏదైనా అడగడం అదే మొదలు.

"రోజూ ఇలా పెట్టుకుంటే మంచిదేనండి," అన్నారు డాక్టరు గారు వెళ్ళిపోతూ. "తల్లయితే ఇంకా మంచిది."

జూలై 29

రాత్రి గదికి వచ్చి స్నానం చెయ్యకుండా పడుకున్నాను. చెయ్యబుద్ధి కాలేదు. పొద్దున్న ప్రశాంతికి జడ వెయ్యడానికి వంగితే, అది నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈ వాసన ఏంటమ్మా?"

"ఏం వాసన?"

"నీ దగ్గర. పాలవాసన కాదు. మందు వాసనా కాదు."

"పిల్లదే," అన్నాను. నిన్న జరిగింది చెప్పాను.

ఏమంటుందోనని చూస్తున్నాను. కోప్పడుతుందనుకున్నాను. అది నావైపు తిరిగి, నా మెడకింద, పిల్ల తల ఆనిన చోట ముఖం పెట్టింది. పెట్టి అలాగే ఉండిపోయింది. నా రవిక తడిసింది. ఇరవై ఆరేళ్ళ కూతురు. చిన్నప్పుడు కూడా అంతసేపు ఒళ్ళో ఉండేది కాదు.

"ఎలా ఉంటుందమ్మా?" అని అడిగింది ఆఖరికి.

ఇన్ని మాటలు పోగేశాను, ఒక్కటీ పనికిరాలేదు. "వచ్చి చూసుకో," అన్నాను.

జూలై 30

రాలేదు. గడపదాకా వచ్చి వెనక్కి వెళ్ళింది.

ఆగస్టు 1

వచ్చింది. జాయ్ భుజం పట్టుకుని రోడ్డు దాటింది. చేతులు కడుక్కుంటూ కడుక్కుంటూ ఉండిపోతే, సిస్టర్ వచ్చి కుళాయి కట్టేసింది. "చాల్లే ప్రశాంతీ, తోలు ఊడొస్తాది."

పిల్లని దాని గుండెల మీద పెట్టారు. కళ్ళు మూసుకుంది. నేను బయటికి వచ్చేశాను. జాయ్ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. రొయ్యల చెరువుల దగ్గర ఎండకి నల్లబడిన మనిషి, తెల్లగా పాలిపోయాడు. "అత్తయ్యగారూ, కళ్ళు తెరిచిందండి," అన్నాడు. తల్లా పిల్లా అని నేను అడగలేదు.

ఆగస్టు 5

రోజూ రెండుపూటలా పెట్టుకుంటోంది. యంత్రం కూత వినబడక నాలుగు రోజులైంది. అరికాలు కొట్టే పని సిస్టర్ మర్చిపోయిందట. తనే చెప్పి నవ్వింది.

నిఘంటువు తెరవలేదు. ఒకసారి తెరిచాను, మూసేశాను. శాప్లింగ్ బాగానే ఉంది. ఆదివారం అచ్చమ్మ గారు వస్తే అదే చెబుదామనుకుంటున్నాను.

ఆగస్టు 9

ముక్కులో ఆక్సిజన్ గొట్టం తీసేశారు. ప్రశాంతి రొమ్ము దగ్గర పట్టింది. రెండు గుక్కలు, అంతే. అలిసిపోయి పడుకుంది. రెండు గుక్కలు! తిరణాల చూసినట్టు సిస్టర్లందరూ చుట్టూ చేరారు.

ఆగస్టు 11, ఆదివారం

కిలో మూడు వందలు. ఇక భయం లేదు, ఇంకో రెండు మూడు వారాల్లో ఇంటికి పంపుతామన్నారు డాక్టరు గారు. డాక్టరు గారి చేతులు పట్టుకున్నాను, ఆపైన నమస్కారం పెట్టాను.

సాయంత్రం అచ్చమ్మ గారూ, మా ఆయనా ఒకే వేళకి బస్సులు దిగారు. నేను వాళ్ళకన్నా ముందు లోపలికి వెళ్ళాను, శాప్లింగ్ సంగతి ప్రశాంతికి మెల్లగా చెప్పాలని. అది కుర్చీలో వెనక్కి వాలి ఉంది. పిల్ల దాని పమిటలో. నేను వచ్చింది చూడలేదు. పిల్ల చెవి వేలితో సవరిస్తోంది. ఆ చెవులకి ఇంకా గట్టితనం రాలేదు, మడిస్తే మడిచినట్టే ఉంటాయి. వీపంతా సన్నటి నూగు.

"ఏంటే బన్నీ," అంటోంది. "కుందేలుపిల్లా. మళ్ళీ మడిచేసుకున్నావేంటే చెవి? బన్నీ! తాగవే. నిద్రపోతే ఊరుకోను. ఒసే బన్నీ!"

నేను గోడకి ఆనుకున్నాను.

పేరు పెట్టానని దానికి తెలియదు. తెలిస్తే ఆపేస్తుంది. వచ్చిన అడుగునే వెనక్కి వేసి బయటికి వచ్చేశాను.

బెంచీ దగ్గర అచ్చమ్మ గారు కాచుకుని ఉన్నారు. "ఏమండీ వదినగారూ, కట్టేరా పేరు?"

"ఆయ్. బన్నీ అండి."

"బన్నీ!" ఆవిడ నోట్లో రెండుసార్లు తిప్పుకున్నారు. "చక్కగా ఉందండి. పిలుపుకి తేలిగ్గా ఉంది. అర్థం?"

"కుందేలుపిల్లండి."

"బాగుంది. నాలుగు అక్షరాలూ పడ్డాయాండి? మా వారిది పడిందా?"

మా ఆయన నావైపు చూశారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఇంగ్లీషు చెప్పిన మనిషి. దగ్గి, కిటికీలోంచి వాన చూడడం మొదలుపెట్టారు.

"పడ్డాయండి," అన్నాను. "నాలుగూ పడ్డాయి."

"మా వారిది ముందొచ్చిందా, వెనకొచ్చిందా?"

"మధ్యలో అండి. అటూ ఇటూ మనమున్నాం."

అచ్చమ్మ గారు పమిటతో కళ్ళు ఒత్తుకున్నారు. "మధ్యలోనే కూచుంటారు ఎప్పుడూ," అన్నారు.

ప్రభువా, ఇది అబద్ధమని నాకు తెలుసు. ఆ మనిషి ముఖం మీదే చెప్పాను, తడబడకుండా చెప్పాను. క్షమాపణ అడుగుతాను. ఇవాళ అడగను.